నొప్పి కానిది

ఫిబ్రవరి 11
వంటింటి బల్ల దగ్గర

గడుగ్గాయికి, ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం, నిన్న సాయంత్రం నువ్వు నా వంటింట్లో చేసిన పచార్లు. ఫోనులో అడగవచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "బాగానే ఉన్నా అమ్మమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీద అబద్ధం రాయాలంటే కాస్త శ్రమ పడాలి. నువ్వు శ్రమకి వెనకాడే పిల్లవి కాదు గాని, నీ చేతిరాత వంకర పోతే నాకు తెలుస్తుంది.

చూసింది చూసినట్టు రాస్తున్నాను. కుళాయి కట్టేసి వెనక్కి తిరిగేసరికి నువ్వు కుడి కన్ను అరచేత్తో అదుముకుని నిలబడి ఉన్నావు. కూర్చోమంటే కూర్చోలేదు. పడుకోమంటే "పడుకుంటే ఇంకా చస్తా" అన్నావు. తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకి తిరిగావు. బీరువా అంచుకేసి తల కొట్టుకోబోతే నేను మధ్యలో చెయ్యి పెట్టాను. ఆ వేళ్ళు ఇవాళ కమిలి ఉన్నాయి, నీ ఖాతాలో రాశాను. ఒక్క కుడి కంటి నుంచే నీళ్ళు. ఒక్క కుడి ముక్కే కారడం. ఎడమ పక్క ముఖం మాత్రం తనకేం సంబంధం లేనట్టు పొడిగా ఉంది. సగం మనిషి ఏడవడం నేను ఇంతవరకు చూడలేదు.

కాసేపటికి ఎవరో స్విచ్చి కట్టేసినట్టు ఆగింది. ముఖం కడుక్కుని వచ్చి "ఆకలేస్తోంది" అన్నావు. రెండుసార్లు వడ్డించుకున్నావు. "ఏమిటే అది?" అంటే "సైనస్" అన్నావు. పొద్దున్నే బస్సెక్కేశావు.

నేను ఉద్యోగమంతా ఆడిట్ ఆఫీసులో చేసినదాన్ని. సైనస్ అనే పద్దు కింద ఇంత ఖర్చు రాదు.

కాబట్టి అడుగుతున్నాను. దాని అసలు పేరేమిటి? ఎన్నాళ్ళ నుంచి? ఇంకెవరికి తెలుసు? అన్నిటికంటే ముఖ్యమైనది: అంత ఎత్తున, క్రేను మీద అద్దాల డబ్బాలో ఒక్కదానివీ కూర్చుని జనం నెత్తి మీదుగా బరువులు తిప్పే పిల్లవి. అక్కడ ఇది వస్తే ఏం చేస్తున్నావు?

ఇంకొకటి. నిన్న మధ్యాహ్నం భోజనం దగ్గర చల్లటి స్టీలు గ్లాసు కుడి కనుబొమకి ఆనించుకుని కూర్చున్నావు. ఆవలింతల మీద ఆవలింతలు. "నొప్పా?" అన్నాను. "నొప్పి కాదులే" అన్నావు. దాని సంగతి కూడా రాయి.

తిరుగు టపాలో జవాబు రావాలి.

అమ్మమ్మ


ఫిబ్రవరి 17
సామాన్ల గది, రెండో గేటు పక్కన

అమ్మమ్మా,

పైన రాసిన చోటు చూసి ఈపాటికి కళ్ళద్దాలు సవరించుకుని ఉంటావు. అవును, నేను క్యాబిన్‌లో లేను. రెండు వారాలుగా హెల్మెట్లు, చేతి తొడుగులు ఇచ్చి పుచ్చుకునే గదిలో ఉన్నాను. నిన్ను చూడటానికి అంత తేలిగ్గా సెలవు ఎలా దొరికిందా అని నువ్వు అడగనందుకు ఆశ్చర్యపోయాను. అడగకుండా దాచుకున్నావని ఇప్పుడు అర్థమైంది.

దాని పేరు క్లస్టర్ తలనొప్పి. గుంపుగా వస్తుంది కాబట్టి ఆ పేరట. నాకు ఏటా చలి తగ్గే రోజుల్లో మొదలవుతుంది. కొన్ని వారాలు రోజుకి ఒకటో రెండో, తర్వాత ఏమీ ఎరగనట్టు మాయం. మొదటి ఏడాది పన్ను అన్నారు, గట్టి పన్ను ఒకటి పీకించుకున్నాను. రెండో ఏడాది సైనస్ అన్నారు. కాబట్టి నీకు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, పాతబడిన నిజం. పోయిన ఏడాది చివర్లో ఒక నరాల డాక్టరమ్మ నేను చెప్పింది సాంతం విని అసలు పేరు చెప్పింది. ఆక్సిజన్ గాలి సిలిండరు, మాస్కు, ఇంజక్షను అన్నీ ఇచ్చింది. నీ దగ్గరికి తెచ్చుకోలేదు. తెస్తే నువ్వు చూస్తావని.

క్యాబిన్‌లో ఒకసారి వచ్చింది. దాచి లాభం లేదు. ఇనుప చువ్వల కట్ట కొక్కేనికి వేలాడుతోంది, కింద మనుషులున్నారు. కుడి కన్ను మూసుకుపోయింది. కింద నుంచి సైగలు చేసే ఆయన్ని మేమంతా సిగ్నల్ అన్న అంటాం. రేడియోలో "ఏంటి పైనమ్మా, ఆగిపోయావ్? నిద్రా?" అన్నాడు.

"అన్నా, కింద ఎవర్నీ ఉంచకు. నాకు ఒక్క కన్నే పనిచేస్తోంది."

ఆయన రెండో మాట అడగలేదు. అందర్నీ అరిచి తరిమేశాడు. "మెల్లగా తల్లీ. ఎడమకి. ఇంకొంచెం. నేనున్నా కదా, ఇంకొంచెం. ఆగు. ఇప్పుడు దించు." కట్ట నేలని తాకిందని ఆయన చెబితేనే తెలిసింది నాకు. ఎవరికీ గోరంత గాయం కాలేదు. తర్వాత నేను క్యాబిన్ నేల మీద మోకాళ్ళు కావలించుకుని ఊగుతూ కూర్చున్నాను.

ఏప్రిల్‌లో విచారణ ఉంటుంది. ఈలోపే సైట్ డాక్టరు నన్ను పిలిచి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "ఇది వచ్చే ముందు మీకు తెలుస్తుందా?"

"తెలియదండీ. బల్బు వెలిగినట్టు వస్తుంది. మధ్యలో నేను శుభ్రంగా ఉంటాను" అన్నాను.

"ముందుగా తెలియని జబ్బుతో మిమ్మల్ని మళ్ళీ పైకి పంపలేనమ్మా" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆయన కుర్చీలో నేనున్నా అదే రాస్తాను. కానీ అమ్మమ్మా, నాకు ఇంకో పని రాదు, వద్దు కూడా. పైన ఉంటే గాలి ఎటు తిరుగుతోందో నా వీపుకి తెలుస్తుంది. ఇక్కడ హెల్మెట్ల మధ్య నాకేం తెలియడం లేదు.

గ్లాసు సంగతి అడిగావు. అదేం లేదు. నొప్పి కాదు.

అమ్మకి చెప్పకు. దణ్ణం పెడతా.

నీ గడుగ్గాయి


ఫిబ్రవరి 23
వంటింటి బల్ల దగ్గర

గడుగ్గాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అమ్మమ్మలా చదివాను, ఆ సంగతి మనం మాట్లాడుకోనక్కర్లేదు. రెండోసారి ఆడిటర్‌లా చదివాను.

నీ వాంగ్మూలం నిలబడదు. "మధ్యలో శుభ్రంగా ఉంటాను" అన్నావు. నా బల్ల దగ్గర ఆ మధ్యాహ్నం నువ్వు శుభ్రంగా లేవు. ముద్ద నమలడానికి ఎడమ పక్కే వాడావు. కిటికీ తెర వేయమన్నావు. నేను ఉప్పు డబ్బా అటు పెట్టినందుకు నా మీద విసుక్కున్నావు. నా మీద విసుక్కునే ధైర్యం నీకు మామూలు రోజుల్లో లేదు. ఆ తర్వాత సాయంత్రం అది వచ్చింది.

నువ్వు అబద్ధం చెప్పావని అనడం లేదు. నువ్వు ఏది లెక్కలోకి తీసుకుంటున్నావో, ఏది వదిలేస్తున్నావో చూడమంటున్నాను. మన ఇంట్లో మనిషిని మంచం ఎక్కించని దాన్ని నొప్పి అనే అలవాటు లేదు. నేను అలాగే పెరిగాను, మీ అమ్మని అలాగే పెంచాను, అది నిన్ను అలాగే పెంచింది. ఆ నియమం ఈ ఉత్తరం తేదీ నుంచి రద్దు. కారణాలు అడగవద్దు, అమలు చెయ్యి.

నీకో పని. ఒక వారం పాటు నీ తలకి, కంటికి, ముక్కుకి, మెడకి జరిగేదంతా రాయి. నొప్పి అనే మాట మాత్రం వాడకూడదు. నొప్పి కంటే తక్కువైనదేదో అదే నాకు కావాలి. "ఏదో ఉంది" అని రాస్తే చించి తిరిగి పంపిస్తాను. ఏదో అనేది పద్దు కాదు.

సిలిండరు, మాస్కు, ఇంజక్షను నువ్వు ఉన్న చోటే ఉండాలి. నా ఇంటికి వచ్చినా సరే. నేను చూస్తానని తేలేదన్నావు. ఇంత చదువుకుని ఇదా తెలివి?

అమ్మమ్మ


మార్చి 4
సామాన్ల గది

అమ్మమ్మా,

నువ్వు అడిగింది రాయడానికి కూర్చుంటే నా మొహం నాకే కొత్తగా ఉంది.

కుడి కంటి వెనక ఎవరో బొటనవేలు ఆనించి ఉంచుతారు. నొక్కరు, ఊరికే ఆనిస్తారు. కుడి పై పళ్ళు పొడుగైనట్టు ఉంటుంది. ఒక్క ముక్కురంధ్రమే మూసుకుంటుంది. మెడ అదే పక్క పట్టేస్తుంది. నిద్ర చాలినా ఆవలింతలు వస్తాయి. విసుగు సంగతి నేను గమనించలేదు, సిగ్నల్ అన్న చెప్పాడు. తను హెల్మెట్ తిరిగిస్తుంటే "పట్టీ ఇంత వదులుగానా కట్టుకునేది? తలకాయ అద్దెకి తెచ్చుకున్నావా?" అని అరిచానట. "నేను దణ్ణం పెట్టి బయటికొచ్చేశా పైనమ్మా. నువ్వు అలా ఉన్న రోజు మేం నీ దారికి రాం" అన్నాడు నవ్వుతూ. ఆ రోజు సాయంత్రం పెద్దది వచ్చింది.

ఇదంతా ఎప్పుడూ ఉన్నదే. కొత్తగా రాలేదు. నేను దాన్ని పనిలో అలసట అనుకున్నాను, ఎండ అనుకున్నాను, దిండు బాగాలేదనుకున్నాను. దిండు రెండుసార్లు మార్చాను కూడా.

సరే. ఇప్పుడు అసలు సంగతి విను. నీ పని చేసి నేను చెడ్డాను. బొటనవేలు ఆనిన ప్రతిసారీ, ఇదిగో వస్తోంది అని మాస్కు పక్కన పెట్టుకుని, గోడ చూస్తూ కూర్చుంటున్నాను. చాలాసార్లు ఏమీ రాలేదు. కాసేపుండి అదే పోయింది. నిన్నయితే ఇంజక్షను విప్పి చేతిలో పట్టుకున్నాను. చివరి క్షణంలో ఆగాను. అది అయిపోతే రాత్రి నిజంగా వచ్చినప్పుడు నా గతేం కాను?

ముందు రోజుకి ఒకసారి భయపడేదాన్ని. ఇప్పుడు రోజంతా భయపడుతున్నాను. పైగా ఇది నమ్మదగింది కాదని తేలిపోయింది. ఇలాంటి దాన్ని విచారణలో చూపిస్తే "మీకు తెలుస్తుందా" అన్నదానికి నేనేం చెప్పను? "తెలుస్తుందండీ, కానీ సగం తప్పు" అననా?

మానేస్తానమ్మమ్మా. తెలియకపోవడమే బాగుంది.

గడుగ్గాయి


మార్చి 10
ముందు గది, కిటికీ పక్క

గడుగ్గాయికి,

మానెయ్యడానికి వీల్లేదు.

ఆడిట్‌లో మేం ప్రశ్న వేస్తాం. ప్రశ్న వేసిన ప్రతి కాగితం వెనకా దొంగ ఉండడు. చాలాసార్లు గుమాస్తా రసీదు అంటించడం మరిచిపోయి ఉంటాడు, అంతే. అలాగని ప్రశ్నలు వేయడం మానేశామా? వేసిన ప్రతి ప్రశ్నకీ పోలీసుల్ని పిలిచామా? రెండూ తప్పే. నువ్వు ఇన్నాళ్ళూ మొదటి తప్పు చేశావు, ఈ వారం రెండోది చేస్తున్నావు. మధ్యలో ఒక పద్ధతి ఉంటుంది. అది ఏమిటో నాకు తెలియదు. నేను ఆడిటర్‌ని, డాక్టర్‌ని కాను. ఆ డాక్టరమ్మకి తెలిసి ఉండాలి.

వెంటనే సమయం అడిగి వెళ్ళు. నాకు రాసింది మొత్తం ఆమెకి చెప్పు, పళ్ళు పొడుగవడంతో సహా. ఇంజక్షను ఎప్పుడు తీసుకోవాలో, గాలి ఎప్పుడు పీల్చాలో ఆమె చెప్పినట్టు చెయ్యి, నీ భయం చెప్పినట్టు కాదు.

నీ ఉత్తరంలో నాకు కనిపించింది ఒకటి చెబుతాను, తప్పయితే డాక్టరమ్మే దిద్దుతుంది. చిన్నవి వచ్చి ఊరికే పోయినవి చాలా ఉన్నాయన్నావు. ఒప్పుకుంటాను. చిన్నది రాకుండా నేరుగా పెద్దది వచ్చిన రోజు ఒక్కటైనా ఉందా? ఉంటే ఆమెకి చెప్పు. లేకపోతే అదీ చెప్పు.

భయంగా ఉందన్నావు. ఉండనీ. నాకు మొదటి ఉత్తరం నుంచీ ఉంది. నేనేమైనా పని మానేశానా?

అమ్మమ్మ


మార్చి 21
నా గది, కిటికీ తెరలు తీసి

అమ్మమ్మా,

వెళ్ళొచ్చాను. నువ్వు పక్కన లేకపోవడం మంచిదైంది, ఉంటే నా వీపు మీద ఒకటి పడేది. కుర్చీలో కూర్చోగానే డాక్టరమ్మ మామూలుగా అడిగింది, "మధ్యలో నొప్పి ఏమైనా ఉంటుందా?"

"లేదండీ" అన్నాను.

అలవాటు! నోరు దానంతటదే అనేసింది. నాలుక కరుచుకుని, "ఆగండి, ఆగండి, ఉంది" అన్నాను.

ఆమె కలం దించి చూసింది. "పోయినసారీ ఇదే అడిగాను. లేదనే రాసుకున్నాను."

"మా ఇంట్లో నొప్పి అంటే వేరేనండీ. మంచం ఎక్కితేనే నొప్పి. ఈమధ్యే మా అమ్మమ్మ ఆ నియమం రద్దు చేసింది."

"రద్దు చేయడానికి ఆవిడెవరు?"

"పెట్టింది ఆవిడేనండీ."

ఆమె ఎంతసేపు నవ్విందో! తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని మొత్తం చెప్పమంది. చెప్పాను. పళ్ళ దగ్గర తల ఊపింది, ఆవలింతల దగ్గర తల ఊపింది, దిండు మార్చానంటే "అందరూ మారుస్తారు" అంది. వీటిని నీడలు అంటారట, అమ్మమ్మా. పెద్దది వచ్చే చోటే, అదే పక్క, తేలిగ్గా వచ్చేవి. కొందరికి ఉంటాయి, కొందరికి ఉండవు. కొన్ని పెద్దదాన్ని వెంటబెట్టుకొస్తాయి, కొన్ని వచ్చి ఊరికే పోతాయి. ఊరికే పోయినంత మాత్రాన అబద్ధం కాదట. చిన్నదానికి ఇంజక్షను ముట్టుకోవద్దంది. అది పెద్దదానికే. చిన్నది వచ్చినప్పుడు చేయాల్సింది ఒక్కటే: చేస్తున్న పని ప్రమాదమైనదైతే ఆపి, సురక్షితమైన చోట ఉండటం.

నువ్వు వేసిన ప్రశ్న చెప్పాను, చిన్నది లేకుండా పెద్దది వచ్చిందా అని. నిద్రలో వచ్చినవి నాకు తెలియవు. మెలకువగా ఉన్నప్పుడు వచ్చినవాటిలో నాకు గుర్తున్నంతవరకు ఒక్కటీ లేదు. "మీ విషయంలో అలా ఉంది. అందరికీ అలా ఉండదు, మీకూ ఎప్పుడూ అలాగే ఉంటుందని నేను సంతకం పెట్టలేను" అంది. ఆమె ఆ మాట అన్నందుకే ఆమెని నమ్మాను.

అప్పుడు అసలు ప్రశ్న వేసింది. "ఈ ఏడాది మొదటి పెద్దది రాకముందు, ఆ వారంలో ఎలా ఉన్నారు?"

నేను లేదనబోయి ఆగాను. గుర్తొచ్చింది. జనవరి చివర్లో క్యాబిన్‌లో రోజూ కుడి కన్ను బరువుగా ఉండేది. ఎండ అద్దాల మీద కొడుతోందని నల్ల కళ్ళజోడు మార్చాను. మొదటి ఏడాదీ అంతే, అప్పుడు పన్ను అన్నారు కదా, ఆ పన్ను పెద్దది రాకముందే పొడుగైంది. అంటే ఇది తలుపు కొట్టకుండా ఎప్పుడూ రాలేదు. నేనే వినలేదు. ఆ కట్ట గాల్లో ఉన్న రోజుకి ముందు వారం రోజులు అది తలుపు కొడుతూనే ఉంది.

సీజన్, అంటే ఏటా ఇవి వచ్చే వారాలు, దాని మొదట్లో, మళ్ళీ చివర్లో నీడలు ఇలా కనిపించడం మామూలేనట. వచ్చే ఏడాది మొదటి నీడ కనబడగానే తన దగ్గరికి రావాలి, రోజూ వేసుకునే మందు అప్పుడే మొదలుపెట్టాలి, ఆ మందు గుండె మీద కూడా పనిచేస్తుంది కాబట్టి ముందు గుండె పరీక్ష చేసి. సీజన్ మొత్తం నేల మీదే పని. సైట్ డాక్టరుకి ఇదంతా ఆమె రాసి ఇస్తానంది.

నాకు సంతోషంగా ఉందో లేదో ఇంకా తేల్చుకోలేదు. విచారణ అయ్యేదాకా తేల్చుకోను.

అన్నట్టు, రద్దయిన నియమం నీకూ వర్తిస్తుందా? మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుని నీ మోకాలితో నువ్వు మాట్లాడటం నేను విన్నాను.

గడుగ్గాయి


మార్చి 28
ముందు గది

గడుగ్గాయికి,

మూడు విషయాలు.

మీ అమ్మకి చెప్పాను. నువ్వు చెప్పవద్దన్నావు. నేను ఒప్పుకున్నానని ఎక్కడా రాయలేదు, పాత ఉత్తరాలన్నీ తిరగేసుకో. కాసేపు ఏడ్చింది. తర్వాత "నాకెందుకు చెప్పలేదు?" అంది. "నీ పెంపకం" అన్నాను. "నా పెంపకం ఎవరిది?" అంది. ఇద్దరం టీ పెట్టుకుని తాగాం.

మోకాలు చూపించుకున్నాను. అరుగుదల అట. రోజూ కాలు చాచి ముడిచే వ్యాయామం ఇచ్చారు. ఇప్పుడు నన్ను దెప్పడానికి నీ దగ్గరేమీ మిగల్లేదు.

మూడోది. విచారణలో వాళ్ళు నిన్ను జాలిగా చూస్తే కుంగిపోవద్దు, కఠినంగా చూస్తే వాదించవద్దు. అడిగినదానికి ఉన్నది చెప్పు. నీకు లాభమా నష్టమా అని మధ్యలో ఆలోచించవద్దు.

నీ ఉత్తరం చదివి ఆ రాత్రి పడుకోగానే నిద్రపట్టింది. ఇంతకంటే రాయను.

అమ్మమ్మ


ఏప్రిల్ 10
సామాన్ల గది

అమ్మమ్మా,

నిన్న విచారణ. మొదటి నుంచీ చెబుతాను, మధ్యలో ఆఖరి పేజీకి వెళ్ళకు.

పెద్దవి ఆగిపోయి కొన్నాళ్ళైంది. నీడలు కూడా తగ్గుతూ వచ్చాయి. విచారణ రోజున ఏమీ ఉండకూడదని ముందు రోజంతా కోరుకున్నాను. పొద్దున్న లేచి పళ్ళు తోముకుంటుంటే బొటనవేలు వచ్చి ఆనింది. గట్టిగా కూడా కాదు. ఈగ వాలినట్టు. చొక్కా వేసుకునేలోపు పోయింది.

గేటు దాకా నాతో నేనే తగువు పడుతూ నడిచాను. ఎవరికి తెలుస్తుంది? చెబితే "ఇంకా తగ్గలేదు" అంటారు. సిగ్నల్ అన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో. "నీ పెళ్ళా నాదా అన్నా?" అంటే "నిన్ను పైకి పంపే రోజు కదా, నా రేడియోకి కూడా స్నానం చేయించా" అన్నాడు. ఆ మాటతో ఇంకా కష్టమైంది.

లోపల సైట్ డాక్టరు, సైట్ ఇంజనీరు. డాక్టరమ్మ ఉత్తరం బల్ల మీద ఉంది. ఇంజనీరు మొదలుపెట్టాడు. "అంటే మీరు చిన్న నలతకే దిగిపోతానంటారు. క్రేను ఆగితే కింద పనంతా ఆగుతుంది, తెలుసా?"

"తెలుసండీ. నేల మీద కట్ట ఉండగా ఆగుతుంది. పోయినసారి గాల్లో ఉండగా ఆగింది."

సైట్ డాక్టరు అడిగాడు, "ఇప్పుడెలా ఉన్నారు? పూర్తిగా పోయిందా?"

అవునండీ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నీ మూడో విషయం గుర్తొచ్చింది, చాలా కోపం వచ్చింది నీ మీద.

"ఇవాళ పొద్దున్న ఒకటి వచ్చిందండీ. చాలా చిన్నది. చొక్కా వేసుకునేలోపు పోయింది."

ఇంజనీరు కిటికీలోంచి చూశాడు. అక్కడ నా క్రేను నిలబడి ఉంది. నా పని అయిపోయిందనుకున్నాను. సైట్ డాక్టరు కాగితం తనవైపు లాక్కుని అన్నాడు, "ఫిబ్రవరిలో నేను మిమ్మల్ని అడిగింది మీకు తెలుస్తుందా అని. ఇప్పుడు తెలుస్తుందని అర్థమైంది. కానీ తెలిసినా చెబుతారా అన్నది ఈ ఉత్తరంలో ఉండదు కదమ్మా. అది ఎలా కనుక్కోవాలా అని ఇంతసేపూ ఆలోచిస్తున్నాను. కనుక్కున్నాను."

సంతకం పెట్టాడు, అమ్మమ్మా. వెంటనే పైకి కాదు. నీడలు కూడా పూర్తిగా ఆగి, డాక్టరమ్మ సరేనన్నాక. ఏటా సీజన్‌లో నేల మీద, బరువుల లెక్క చూసే పని. మొదటి నీడ కనబడిన రోజు రేడియోలో "దిగుతున్నా" అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగకూడదని కూడా రాశాడు.

బయటికొచ్చి సిగ్నల్ అన్నకి చెప్పాను. ఆయన హెల్మెట్ తీసి కళ్ళు తుడుచుకుని, "దుమ్ము" అన్నాడు. రెండు కళ్ళలోనూ పడింది దుమ్ము, కాబట్టి జబ్బేం కాదు.

గడుగ్గాయి


జూన్ 2
పైన

అమ్మమ్మా,

ఇవాళ ఎక్కాను. మధ్యాహ్నం విరామంలో దిగకుండా ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. నాలుగు వైపులా అద్దాలు తుడిచాను. ఎండ కంట్లో కొడుతోంది, కొట్టనీ. కుడి కన్ను, ఎడమ కన్ను రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకేలా ఉండటం ఇంత హాయిగా ఉంటుందని ఎవరూ చెప్పరు.

పొద్దున్న మొదటి బరువు ఒక నీళ్ళ పీపా. సిగ్నల్ అన్న పరీక్షకని కట్టించాడు. "నొప్పేం లేదుగా పైనమ్మా?"

"లేదన్నా."

"నొప్పి కానిది?"

"అదీ లేదన్నా."

"అయితే ఎత్తు తల్లీ" అన్నాడు.

ఎత్తాను. పైకి వస్తుంటే గాలికి కొంచెం తిరిగింది. పట్టుకుని నిలబెట్టాను. అంతే అమ్మమ్మా, ఇంకేం జరగలేదు. ఏమీ జరగలేదని నీకు రాయాలనిపించింది.

గడుగ్గాయి


జూన్ 8
వంటింటి బల్ల దగ్గర

గడుగ్గాయికి, ఆశీస్సులు.

ఇవాళ రాయడానికి కారణం, నీ ఉత్తరం అందింది. మీ అమ్మ వచ్చి ఉంది, తనకి చదివి వినిపించాను. నీళ్ళ పీపా దగ్గర కాగితం తన చేతికిచ్చేశాను, మిగతాది తను చదివింది.

నువ్వు మంచి పని చేశావు. విచారణలో నువ్వు అన్న మాట గురించి చెబుతున్నాను. పైకెక్కడం నీకు ముందే వచ్చు. దిగుతానని ముందుగా ఒప్పుకోవడం కొత్తగా నేర్చుకున్నావు. ఈ మాట మళ్ళీ రాయను, కాబట్టి ఈ కాగితం పారేసుకోకు.

మనం సంతోషంగా ఉన్నాం గనుక అజాగ్రత్తగా ఉంటామని ఆ జబ్బు అనుకోవచ్చు. ఉండం. ఇకముందు జరగవలసినవి:

1. సిలిండరు నిండుగా ఉందో లేదో సీజన్ రాకముందే చూపించుకోవాలి. ఇంజక్షన్ల గడువు తేదీ కూడా.

2. చలి తగ్గడం మొదలవగానే డాక్టరమ్మ దగ్గర సమయం ముందే తీసుకోవాలి. నీడ వచ్చాక పరిగెత్తడం కాదు.

3. దిండు, కళ్ళజోడు, పన్ను, ఎండ: వీటిలో దేని మీదా నేరం మోపే ముందు రెండు కళ్ళూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

4. వచ్చి ఊరికే పోయిన నీడకి సిగ్గుపడకూడదు. దిగావు, ఏమీ రాలేదు, మంచిది. ఇంజనీరు మొహం మాడ్చుకుంటే అది ఆయన మొహం.

5. సీజన్ నడిచే వారాల్లో సెలవు దొరికితే ఇక్కడికి రావాలి. బీరువా అంచుకి మెత్తటి గుడ్డ కుట్టించాను. మీ అమ్మ నవ్వింది. నవ్వనీ.

6. మొదటి నీడ కనబడిన రోజు, అది ఈగంత ఉన్నా సరే, మొదటి మాట సిగ్నల్ అన్నకి, రెండో మాట డాక్టరమ్మకి, మూడో మాట నాకు. ఈ వరుస మార్చకూడదు. మూడో స్థానంలో నిలబడటానికి నేను ఒప్పుకోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి.

అమ్మమ్మ